పాలున్న ఆకు, పాలుమాలని పురుగు

(గోరేబాళలో జరిగిన సైన్సు మాస్టారి స్మారక సభలో చేసిన ఉపన్యాసం)



ఇలాంటి సభల్లో ముందుగా పోయినవారి సుగుణాలు ఏకరువు పెట్టడం ఆనవాయితీ. మాస్టారికి అది గిట్టేది కాదు. ఎవరైనా ఆయన ఎదురుగా పొగిడితే సుద్దముక్క చేతిలో తిప్పుకుంటూ కిటికీలోంచి బయటికి చూసేవారు. అందుకని ఆయన గురించి ఒక్క సంగతే చెప్పి విషయంలోకి వెళ్తాను.

నేను ఏడో తరగతిలో ఉండగా ‘మన ఊరి మొక్కలు’ అని పట్టిక వేసుకు రమ్మన్నారు. మూడు గడులు: మొక్క పేరు, పెరిగే చోటు, ఉపయోగం. వరి, పత్తి, వేప, తుమ్మ అన్నిటికీ ఉపయోగాలు నింపాను. జిల్లేడు దగ్గరికొచ్చేసరికి ‘పనికిరాని బీడు’ అని చోటు రాశాను. ఉపయోగం గడిలో ‘ఏమీ లేదు’ అని రాశాను. పుస్తకం తిరిగి వచ్చినప్పుడు ఆ రెండు చోట్లా ఎర్రసిరాతో ఒకే మాట ఉంది: ‘ఎవరికి?’

నాకు మార్కులు తగ్గలేదు. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ఈ ఉపన్యాసం దానికి, చాలా ఆలస్యంగా నేను రాస్తున్న జవాబు.

గట్టు మీద ఒక ఉదయం

ఈ ఉదయం ఆరున్నరకు కాలువ గట్టు మీద నడిచాను. మనది కృష్ణకూ తుంగభద్రకూ నడుమనున్న అంతర్వేది. తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయి ఎడమ కాలువకు నీళ్లు వదిలాక గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి మన పెద్దలు ఈ నల్లరేగడి మీదికి వచ్చి పాకలు వేసుకున్నారు. పాకలు పోయి మేడలు లేచాయి, పేరు మాత్రం క్యాంపుగానే మిగిలింది. ఆ రోజుల్లో పొలంలో దమ్ము చేసేముందు మా నాన్న బండెడు జిల్లేడు రొట్ట కోసుకొచ్చి మడిలో తొక్కించేవాడు. రథసప్తమినాడు మా అమ్మ ఏడు జిల్లేడాకులు తలమీద, భుజాలమీద పెట్టి స్నానం చేయించేది. వినాయక చవితి పత్రిలో అర్కపత్రం ఉండాల్సిందే. ఆంజనేయుడికి జిల్లేడుపూల దండ వేయాల్సిందే. ఇవన్నీ కళ్లారా చూస్తూనే ‘ఉపయోగం ఏమీ లేదు’ అని రాశానంటే, నేర్చుకున్న మాటలు చూసిన కళ్లను ఎలా కప్పేస్తాయో చూడండి.

కన్నడంలో దీన్ని ‘ఎక్క’ అంటారు. అర్కమనే మాటే నోళ్లలో నలిగి ఎక్క అయింది. ఎండ మండే చోటే ఇది పచ్చగా ఉంటుంది కనుక సూర్యుడి పేరు దీనికి నప్పింది. ఈ ఉదయం నేను ఆగిన పొద తూముకు పది అడుగుల దూరంలో ఉంది. ఆకులు మందంగా, బూడిద పూసినట్టు ఉన్నాయి. ఒక ఆకు మాత్రం తొడిమ దగ్గర విరిగినట్టు వేలాడుతోంది. గాలికి విరిగిందనుకుంటే పొరపాటు. తిప్పి చూస్తే తొడిమ మీద చిన్న గాటు, గాటు అంచున గడ్డకట్టిన తెల్లటి పాలచుక్క. ఆకు కొసన వేలెడంత పురుగు ఒకటి తలవంచుకుని తన పని తాను చూసుకుంటోంది.

నలుపు, తెలుపు, పసుపు పట్టీలు వరసగా చుట్టినట్టు ఉంది దాని ఒళ్లు. వీపు మీద మూడు చోట్ల జతలు జతలుగా నల్లటి మెత్తని కొమ్ముల్లాంటివి. మనం అన్నిటినీ గొంగళి పురుగులంటాం కానీ దీనికి గొంగడి లేదు. వెంట్రుక అనేది లేకుండా నున్నగా ఉంటుంది. ముట్టుకున్నా దురద పుట్టదు. ఇదే రెండు వారాల్లో ఆకుపచ్చ గూడై తలకిందులుగా వేలాడి, మరో వారం పది రోజులకు నారింజ రంగు సీతాకోకచిలుకై ఎగిరిపోతుంది. నల్ల అంచు, ముందు రెక్కల కొసల్లో తెల్లమచ్చలు. శాస్త్రజ్ఞులు డానాస్ క్రిసిప్పస్ అంటారు. 1758లో లినేయస్ పెట్టిన పేరు. ఇంగ్లిషువాళ్లు ప్లెయిన్ టైగర్ అంటారు. మన ఊళ్లో తోటకీ బీడుకీ తేడా లేకుండా, తొందర లేకుండా, చేతికందే ఎత్తులో ఎగిరేది అదే.

ఆ తొందర లేకపోవడానికి కారణం ఉంది. అది చెప్పాలంటే పాల సంగతి చెప్పాలి.

పాలు ఎందుకు?

పదేళ్ల వయసులో నేను జిల్లేడు కొమ్మ విరిచి తమ్ముడి మీదికి విసరబోతే పాలు ఎగిరి నా కంట్లోనే పడ్డాయి. మాస్టారు నన్ను బడి అరుగు మీద పడుకోబెట్టి కుండలో మంచినీళ్లు అయిపోయేదాకా కన్ను కడిగారు. విచిత్రంగా నొప్పి ఎక్కువ లేదు, చూపు మాత్రం రెండు రోజులు మంచు పట్టినట్టు మసకబారింది. కంటి డాక్టర్లు ఇలాంటి కేసుల గురించి రాశారు. జిల్లేడు పాలు నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొరలోకి దిగి లోపలి కణాలను దెబ్బతీస్తాయి. నొప్పి తక్కువగా ఉంటుంది కనుక జనం తేలిగ్గా తీసుకుంటారు. ఈ సభలో ఉన్న పిల్లలు ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి: పాలు కంట్లో పడితే వెంటనే నీళ్లతో చాలాసేపు కడగాలి, ఆ తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

మొక్కకు పాలెందుకో నాకు ఆ రోజే తెలిసింది. మొక్క పరుగెత్తలేదు, కరవలేదు. ఆకు పచ్చిగా ఉండగా మేక మూతిపెట్టి వదిలేస్తుంది. ఆకు నిండా సన్నటి పాల గొట్టాలున్నాయి. వాటిలో పాలు ఒత్తిడితో నిండి ఉంటాయి. ఎక్కడ గాటు పడితే అక్కడికి ఉరికొస్తాయి. గాలి తగలగానే జిగురై గడ్డకడతాయి. చిన్న పురుగైతే నోరే అతుక్కుపోతుంది. మొనార్క్ అనే సీతాకోకచిలుక మన పట్టీల పురుగుకు అమెరికాలో దగ్గరి చుట్టం. ఫ్లోరిడాలో మైరన్ జలుకీ, లింకన్ బ్రోవర్ అనే శాస్త్రజ్ఞులు గుడ్డు నుంచి అప్పుడే వచ్చిన మొనార్క్ పిల్లలను గమనించారు. దాదాపు 30 శాతం పిల్లలు మొదటి కాటుకే పాలల్లో చిక్కుకుని చచ్చిపోయాయి. పుట్టి గుడ్డు పెంకు తిని, మొదటి ముద్ద కోసం నోరు తెరిచి, ఆ ముద్దలోనే మునిగిపోవడం!

బతికిన పిల్లలు ఏం చేశాయన్నదే ఈ ఉపన్యాసం మొత్తానికి గుండెకాయ.

గండి

ఇది ఈ ఊళ్లో చెప్పడం తేలిక. మీకు కాలువ తెలుసు కనుక.

ఎడమ కాలువ దాదాపు 227 కిలోమీటర్లు. తల దగ్గర గంగావతి, నడుమ మన సింధనూరు, దిగువన మాన్వి, రాయచూరు. తలదగ్గరి రైతు మోటార్లు పెట్టి గుంజుకుంటే, గట్టుకు గండి పడితే, దిగువ ఆయకట్టుకు ఏం మిగులుతుంది? తూములో నెర్రె. నీళ్ల కోసం మనం ఎన్ని రాత్రులు గట్టు మీద కాపలా పడుకున్నామో, ఎన్నిసార్లు రోడ్డెక్కామో మీకు చెప్పనక్కర్లేదు.

పురుగుకు ఈ లెక్క పుట్టుకతోనే తెలుసు. ఆకు మధ్య ఈనె దాని ఎడమ కాలువ. చిన్న ఈనెలు డిస్ట్రిబ్యూటరీలు. పాలు ఈనె వెంబడే తొడిమ నుంచి కొసకు పారుతాయి. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆకు అడుగున చంద్రవంకలా, ఒక్కోసారి గుండ్రంగా గాడి కొరుకుతుంది. గాడిలోంచి పాలు కారిపోయాక మధ్యలో మిగిలిన ముక్కకు పాలు అందవు. అప్పుడు అక్కడ కూచుని తింటుంది. కాస్త పెద్దయ్యాక గాడి తవ్వే ఓపిక పట్టదు. నేరుగా తొడిమ దగ్గరికి, లేదా మధ్య ఈనె మొదటికి వెళ్లి గాటు పెడుతుంది. పాలు బొట్లు బొట్లుగా కారి ఆగేదాకా ఆగుతుంది, మధ్యమధ్య మూతి ఆకుకు రాసుకుంటుంది. ఆకు వాలిపోతుంది. అప్పుడు నింపాదిగా కొసకు నడిచివెళ్లి, అటునుంచి తినడం మొదలుపెడుతుంది. మన దిగువ ఆయకట్టు రైతుకు నీళ్లు రాకపోవడమే శాపం, దానికి పాలు రాకపోవడమే వరం.

1987లో డేవిడ్ డసూర్డ్, థామస్ ఐస్నర్ ఈ గండి విద్యను ప్రయోగంతో నిరూపించారు. పాలమొక్క జోలికి సహజంగా పోని పురుగు ముందు మామూలు ఆకు పెడితే తినలేదు. ఈనెలు ముందే కోసి, పాలు ఇంకిన ఆకు పెడితే అదే పురుగు తినేసింది. అంటే కోట గోడ ఎక్కడుందో తేలిపోయింది. ఆకు మొత్తం కోట కాదు, పారే పాలే కోట. పారకం ఆగితే కోట కూలినట్టే.

ఒక్కమాట. ఆ గాటు పెట్టి ఆగడం చూశారే, అదే నాకు అన్నిటికన్నా నచ్చింది. ఆకలితో ఉన్న పురుగు, ఎదుట ఆకు ఉన్నా, ముందు కోసి, కారనిచ్చి, తర్వాత తింటుంది. పాలున్న ఆకు మీద పాలుమాలితే బతుకు లేదు.

విషం దాచుకున్న ఒళ్లు

పారే పాలు ఆపినా ఆకులో మిగిలిన విషం మిగిలే ఉంటుంది. జిల్లేడులో కాలోట్రోపిన్ లాంటి గుండె విషాలుంటాయి. ఇవి డిజిటాలిస్ మందు కోవకు చెందినవి. మన ఒంట్లో ప్రతి కణం గోడకూ ఒక పంపు ఉంది. ఒక్కో తిప్పుకు మూడు సోడియం బయటికి, రెండు పొటాషియం లోపలికి. గుండె కొట్టుకోవాలన్నా, నరం పలకాలన్నా ఆ పంపు ఆడాల్సిందే. గుండె విషం వెళ్లి ఆ పంపుకు అడ్డం పడుతుంది.

మొనార్క్ ఏం చేసింది? పంపులో విషం వచ్చి అతుక్కునే చోటే కొంచెం మార్చుకుంది. తాళం మారితే పాత తాళంచెవి పట్టదు కదా. 2019లో కాలిఫోర్నియాలోని బర్కిలీలో నోవా వైట్‌మన్ బృందం మామూలు పండ్ల ఈగలో ఆ మార్పులు మూడు చేసి చూసింది. ఆ ఈగ గుండె విషాన్ని తట్టుకుంది. కోట్ల ఏళ్ల విద్య మూడు అక్షరాల సవరణలో ఉందని తేలింది.

తట్టుకోవడంతో ఆగితే కథ సగమే. ఈ జాతి పురుగులు విషాన్ని ఒంట్లో దాచుకుంటాయి. రెక్కలొచ్చాక కూడా అది ఉంటుంది. అమెరికాలో లింకన్ బ్రోవర్, ఆయన సహచరులు నీలి జే పక్షులకు మొనార్క్‌లను పెట్టారు. తిన్న పక్షి కొంతసేపటికి కక్కుకుంది. తర్వాత ఆ రంగు కనిపిస్తేనే మొహం తిప్పుకుంది. అందుకే మన గట్టు మీద ఎగిరేదానికి తొందర లేదు. నారింజ రంగు దాని గుర్తింపు కార్డు.

కార్డు ఉంటే దొంగ కార్డులూ పుడతాయి. మన పెరట్లో పావిలికూర మీద పెరిగే హైపోలిమ్నాస్ మిసిప్పస్ అనే సీతాకోకచిలుక ఉంది. ఆడది అచ్చం మన జిల్లేడు సీతాకోకలా నారింజ రంగు వేసుకుంటుంది. దాని ఒంట్లో విషం లేదు. మగది నల్లగా, తెల్లమచ్చలతో వేరేగా ఉంటుంది, ఆ జతను చూస్తే ఒకే జాతి అని నమ్మబుద్ధి కాదు. వేషం ఆడదానికే, గుడ్లు మోసేది అదే కనుక. ఇలాంటి వేషాల లెక్కను హెన్రీ బేట్స్ 1862లో తేల్చాడు.

ఇంకో వింత. జిల్లేడు మీద పెరిగిన మగ సీతాకోక జత కట్టడానికి జిల్లేడు చాలదు. పరిమళం కోసం జనుము, తేలుకొండి జాతి మొక్కల మీదికి వెళ్లి, వాడిన కాడల నుంచి మరో విషం పీల్చుకోవాలి. వరి వేయకముందు మీరు పచ్చిరొట్టకు చల్లే జనుమే అది. మీ మడిలో జనుము దున్నే రోజున గట్టున వాడిపోయిన కాడలమీద ఈ మగవి గుంపుగా వాలుంటే తరమకండి, పెళ్లికి అత్తరు కొనుక్కోవడానికి వచ్చాయి.

ఈజిప్టులో నెబమున్ అనే గుమాస్తా సమాధి గోడ మీద, క్రీస్తుకు దాదాపు 1,350 ఏళ్ల ముందు వేసిన చిత్రంలో, రెల్లు పొదల నడుమ ఎగురుతున్నది ఈ సీతాకోకచిలుకే. ఆ చిత్రం ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. నైలు ఒడ్డున గుమాస్తా చూసినదాన్నే గోరేబాళ గట్టు మీద మనం చూస్తున్నాం.

పెరటిలోని పాలు

ఈ గొడవ జిల్లేడుతో ఆగదు. పెరట్లో నందివర్ధనం ఆకు తుంచితే పాలు. దాని మీద లావుపాటి ఆకుపచ్చ పురుగు, తల దగ్గర రెండు నీలి కళ్లబొమ్మలతో దర్జాగా తింటుంది. గన్నేరు జాతి మొక్కల మీద పెరిగే పెద్ద చిమ్మట పిల్ల అది. సుగంధిపాల షర్బత్తు తాగుతాం, ఆ తీగ ఆకును నల్ల సీతాకోక పురుగు తింటుంది. బొప్పాయి ఆకు పాలలో పపైన్ ఉంది, మాంసం మెత్తబడటానికి వేసేది. జపానులో కొతారో కొన్నో 2004లో బొప్పాయి ఆకును సన్నగా చీల్చి, పాలు కడిగి పురుగులకు పెడితే అవి బతికాయి. కడగని ఆకు తిన్నవి చచ్చాయి.

ఆయనే 2006లో మల్బరీ సంగతి చెప్పారు. మల్బరీ పాలలో చక్కెరలా నటించే విషాలున్నాయి, ఇతర పురుగులకు అవి ప్రాణాంతకం. పట్టుపురుగుకు మాత్రం పట్టవు. అంటే హిందూపురం, ధర్మవరం, రామనగర, ఈ పట్టు ఊళ్లన్నీ ఒక పురుగు పాలమొక్కను జయించినందుకు నిలబడ్డాయి. పెళ్లిలో కట్టిన పట్టుచీరను మడిచి పెట్టేటప్పుడు ఈ మాట గుర్తుకు తెచ్చుకోండి.

బీడు అనే మాట

ఇక నా పట్టికలోని రెండో గడి. ‘పనికిరాని బీడు.’

ఈ నేల తడి కన్నా ఎండ ఎక్కువ చూస్తుంది. చెట్లు ఎడంగా, నడుమ గడ్డి, అక్కడక్కడ తుమ్మ, రేగు, చండ్ర. ఇలాంటి నేలను శాస్త్రజ్ఞులు సవానా అంటారు. ఆఫ్రికాదైతే సింహాల సినిమా తీస్తాం, మనదైతే బీడంటాం. చాలాకాలం మన పుస్తకాలు దీన్ని నరికేసిన అడవి తాలూకు శిథిలంగా చూశాయి. బెంగళూరులో జయశ్రీ రత్నం, మహేశ్ శంకరన్, వారి సహచరులు 2011 నుంచీ వేరే మాట చెబుతున్నారు: ఇవి చెడిపోయిన అడవులు కావు, మనిషి రాకముందు నుంచీ ఉన్న గడ్డి నేలలు.

మన చుట్టుపక్కలే సాక్ష్యాలున్నాయి. రాయచూరు జిల్లా పిక్లీహాళలో, పాలమూరు వైపు ఉత్నూరులో 1950లలో రేమండ్ ఆల్చిన్ తవ్వకాలు జరిపాడు. ఉత్నూరులో దొరికినవి బూడిద దిబ్బలు, వేల ఏళ్ల కిందటి పశువుల దొడ్లలో పేడ కాలిన దిబ్బలు. అంత మంద మేయాలంటే అంత గడ్డి ఉండాలి కదా. నదికి అవతల సిరుగుప్ప తాలూకాలో ఇటీవలి కాలం వరకూ బట్టమేక పిట్టలు కనిపించాయి. అడవిలో బతకని పిట్ట అది, గడ్డినేల బిడ్డ. అప్పటి కర్నూలు జిల్లా రోళ్లపాడులో దాని కోసం 1988లో అభయారణ్యం పెట్టారు.

హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం 2000 నుంచీ దేశం మొత్తానికి ‘వేస్ట్‌ల్యాండ్’ అట్లాసులు వేస్తోంది. ఉపగ్రహం పొదల భూమిని చూపిస్తుంది, దానికి వేస్ట్ అని పేరు పెట్టేది మనం. పేరు పెట్టాక ఆ భూమికి ఏం చేసినా మేలు చేసినట్టే లెక్క. నీలగిరి తోట వేసినా, సోలార్ పలకలు పరిచినా అడిగేవాడుండడు. కరెంటు అక్కర్లేదని నేననను. మన సోనామసూరి కూడా గడ్డినేలను దున్నే పండించాం, దానికి మా నాన్న పడ్డ కష్టాన్ని నేను తప్పనలేను. కాకపోతే లెక్కలో ఖర్చు రాసుకోవాలి. వేస్ట్ అని రాస్తే ఖర్చు సున్నా అవుతుంది.

ఇందులో నిజాయితీగా ఒకటి ఒప్పుకోవాలి. జిల్లేడు అంతరించిపోతున్నదేమీ కాదు. పశువులు మిగతావన్నీ మేసేసి దీన్ని వదిలేస్తాయి కనుక తొక్కిన నేలలో, రోడ్డు పక్కన ఇదే మిగులుతుంది. ఈ సీతాకోకచిలుకకూ కొరత లేదు. గడ్డిలో దాగే దుష్టపు తీగ, కుందేటి కొమ్ములు, నేల మీద పాకే ఇతర పాలతీగల మీద కూడా ఇది గుడ్లు పెడుతుంది. పేరు చూడండి, దుష్టపు తీగ! ఎవరికి దుష్టం? జిల్లేడు ఎటూ బతుకుతుంది. ఆ తీగలు బతకాలంటే దున్నని గడ్డి, మందు చల్లని గట్టు ఉండాలి.

చివరగా

 ఒక కోరిక కోరతాను.

కాలువకు నీళ్లు వదలకముందు ఏటా గట్లు శుభ్రం చేస్తాం. ఒకప్పుడు కొడవళ్లతో చేసేవాళ్లం, ఎక్కడైనా పొద వదిలేవాళ్లం. ఇప్పుడు జేసీబీ వస్తుంది, మిగిలినదాని మీద గడ్డిమందు కొడతాం. నీళ్లు పారాలంటే కాలువ అడుగున పూడిక తీయాల్సిందే, కాదనను. గట్టు బయటి వాలు మీద మాత్రం తూముకొక జిల్లేడు పొద, దాని పక్కన బారెడు గడ్డి, అల్లుకున్న తీగలు ఉంచండి. జిల్లేడు మీది పట్టీల పురుగు ఒక్కటి కూడా మీ వరిలోకి దిగదు. వరి దానికి అక్కర్లేదు. దాని ప్రాణమంతా పాలున్న ఆకులోనే ఉంది.

ఈ ఉదయం చూసిన పురుగును అలాగే వదిలి వచ్చాను. రేపు ఉదయానికి ఆ ఆకు పూర్తవుతుంది. ఆ తర్వాత అది పై కొమ్మకు పాకి ఇంకో తొడిమ మీద గాటు పెడుతుంది.

ఈ ఏడు జేసీబీ వచ్చినప్పుడు మీలో ఎవరో ఒకరు ముందు నడవండి. ఆ పొద దగ్గర చెయ్యెత్తి ఆపండి. డ్రైవరు కిందికి చూసి, “ఇదెందుకండీ, పనికిరాని మొక్క” అంటాడు. ఏమని అడగాలో మాస్టారు మనకు ఎర్రసిరాతో రాసిచ్చి వెళ్లారు.

సెలవు.